బుధవారం చేపల పులుసు

మా బాపు గుండె సంగతి మా బాపు కంటే నాకే ఎక్కువ తెలుసని ఒకప్పుడు గట్టిగా నమ్మాను. ఆ నమ్మకంతోనే ఆయనకు చేపలు వండిపెట్టాను. అవి పెట్టిన తీరుతోనే ఆయన గుండెకు నష్టం చేశాను. చేపల్లో తప్పేమీ లేదు. ఇన్నేళ్లయినా చేపలు కొనడానికి పోయినప్పుడల్లా ముందు ఆ మాటే నాకు నేను చెప్పుకుంటాను.

నేను సర్కారు బడిలో సైన్సు చెప్పే టీచర్ని. బోర్డు మీద గుండె బొమ్మ వేసి, మంచి రక్తానికి ఎర్ర చాక్‌పీసు, చెడు రక్తానికి నీలం చాక్‌పీసు వాడి, పిల్లల చేత గదుల పేర్లు వల్లె వేయించినదాన్ని. ఇంట్లో ఎవరికైనా ఒళ్లు వెచ్చబడితే డాక్టరు కంటే ముందు నేను మాట్లాడతాను. చెప్పడం అలవాటైన నోరు అడగడం మరిచిపోతుందని మా ఆయన చాలాసార్లు అన్నాడు. అన్న ప్రతిసారీ నాకు కోపం వచ్చింది.

బాపుది సిరిసిల్ల. వయసులో ఉన్నప్పుడు చేమగ్గం నేశాడు, తర్వాత సాంచాలు వచ్చాయి. కరెంటు మగ్గాలను మా దగ్గర సాంచాలనే అంటారు. అరవై దాటినా ఇంకొకరి షెడ్డులో సాంచాల మధ్య నిలబడే ఉండేవాడు. నన్ను కోరుట్లకు ఇచ్చారు. ఒక ఎండాకాలం అవ్వా బాపూ, మా అమ్మానాన్నలు, మా ఇంటికి వచ్చి నాలుగు రోజులున్నారు. ఐదో రోజు పొద్దున పండ్లు తోముకుంటూ బాపు ఛాతీ మీద చెయ్యి వేసుకుని గచ్చు మీద కూలబడ్డాడు. మా ఆయన ఆటో పిలుచుకొచ్చాడు, జగిత్యాల తీసుకుపోయాం.

జగిత్యాలలో మేం చూపించుకున్న గుండె డాక్టరు నెమ్మదస్తుడు. వారం రోజులు ఉంచుకుని ఇంటికి పంపేటప్పుడు బాపును, మా ఆయనను, నన్ను కూర్చోబెట్టి చెప్పాడు.

"మటన్ బందు పెట్టుండ్రి. నూనెల గోలిచ్చినయి వద్దు. వారానికి రెండుసార్లు చేపలు పెట్టుండ్రి, ఉప్పు నూనె తక్కువేసి పులుసు చేసి. గీ వయసుల గుండెకు చేపలు మంచియి. గోలీలు మాత్రం ఒక్కరోజు గూడ నాగ పెట్టద్దు."

అన్నీ విన్నాను. నా చెవికి పట్టింది మాత్రం చేపల మాట. గోలీలు కొనివ్వడం ఐదు నిమిషాల పని. రక్తం గడ్డకట్టకుండా ఒకటి, కొవ్వుకు ఒకటి, బీపీకి ఒకటి, మూడూ రాత్రి అన్నం తిన్నాక వేసుకోవాలి. డబ్బా అవ్వ చేతిలో పెట్టి ఆ పని అయిపోయిందనుకున్నాను. చేపల విషయంలో మాత్రం నా చేతికి పనుంది, నా తెలివికి పనుంది. అసలు బాపుకు చేపలంటే పెద్ద ఇష్టం లేదు. ముల్లు ఏరుకుంటూ తినే ఓపిక లేని మనిషి. మిరుగు నాడు, అంటే మృగశిర కార్తె నాడు, అందరూ తింటారని నాలుగు ముక్కలు తినేవాడు, మళ్లీ ఏడాదికే. అందుకని మొదటి ఆదివారం పళ్లెంలో ముక్క వేసి, బడిపిల్లవాడికి చెప్పినట్టు చెప్పాను.

"ఇది కూర అనుకోకు బాపు. మందు అనుకొని తిను."

"సరే బిడ్డా" అన్నాడు. తిన్నాడు.

సిరిసిల్లలో చేపలు దొరకవని కాదు. అవ్వ చేతి వంట మీద నాకు నమ్మకం లేదు. ఆమె పులుసు పెడితే నూనె పైకి తేలాలి, ఉప్పు నాలుకను పట్టుకోవాలి. అందుకని నేనే కోరుట్లలో వండి తీసుకుపోవడం మొదలుపెట్టాను. మా దగ్గర చేపలమ్మే పెద్దమ్మ ఒకామె రవ్వ, బొచ్చె తాజావి చూసి పక్కన పెట్టేది. బూడిద వేసి రాయి మీద రుద్ది, ఏడు నీళ్లతో కడిగి, చింతపులుసు, కాల్చిన ఉల్లిగడ్డ ముద్ద, మెంతుల పొడి వేసి, నూనె చెంచాతో కొలిచి వండేదాన్ని. ఉప్పు ఎంత తగ్గించేదాన్నంటే మా ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టేవారు కాదు. ఆదివారం ఆదివారం బస్సులో పోయి ఇచ్చి వచ్చేదాన్ని.

వానాకాలం చివర రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, ఆఫీసులు మూతపడ్డాయి, మా బడులకూ తాళాలు పడ్డాయి. బొగ్గు బావుల్లో పని ఆగేసరికి కరెంటు గంటల తరబడి పోయేది. కోరుట్ల చౌరస్తాలో టెంటు వేస్తే అక్కడ కూర్చున్నాను, గొంతు పోయేలా నినాదాలిచ్చాను, రోడ్డు మీద బతుకమ్మ ఆడాను. జీతం లేని రోజులైనా మా అందరిలో ఏదో పండుగ కళ ఉండేది. బడి లేకపోవడంతో నాకు చేతినిండా సమయం దొరికింది. ఆ సమయమంతా బాపు గుండెకు పెట్టాలని నిశ్చయించుకున్నాను. బుధవారం, ఆదివారం టెంటుకు సెలవు. తెల్లవారుజామునే వండి, స్టీలు క్యానుకు తడిగుడ్డ చుట్టి, స్కూటీ ముందు పెట్టుకుని సిరిసిల్ల దాకా పోయేదాన్ని. మా ఆయన వద్దన్నాడు. అంత దూరం ఆడమనిషివి ఒక్కదానివి, బందు రోజులు, పెట్రోలు దొరకడం లేదు అన్నాడు. నేను వినలేదు.

ఒక బుధవారం దారిలో అడ్డరోడ్డు దగ్గర బండరాళ్లు పెట్టి, రోడ్డు మీదే పొయ్యి పెట్టి వంటావార్పు చేస్తున్నారు. గులాబీ కండువా వేసుకున్న పిల్లలు బండి ఆపారు.

"క్యానుల ఏమున్నదక్కా?"

"చేపల పులుసు."

"మేమిక్కడ పప్పుచారు కాస్తుంటే టీచరమ్మలు సమ్మెల చేపల కూర గుంజుతున్నరా?" అని ఒకడు నవ్వాడు.

మా బాపుకు గుండె జబ్బని, డాక్టరు చేపలు తినమన్నాడని చెప్పాను. పిల్లలు నవ్వు ఆపేసి రాళ్లు జరపబోయారు. మేడిపల్లి దిక్కు నుంచి వచ్చిన ముసలి రైతొకాయన పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చి క్యాను వైపు అనుమానంగా చూశాడు.

"మందులు తినే మనిషికి నీసు పెడుతున్నవా బిడ్డా? పత్తెం చెడదా?"

నాకు నవ్వొచ్చింది. బండి స్టాండు వేసి అక్కడే పాఠం మొదలుపెట్టాను. పథ్యం పాతకాలపు మాట తాతా, గుండె గోలీలకు చేపలకు ఏ పేచీ లేదు, రెండూ ఒకేరోజు తినొచ్చు, తినాలి కూడా అని విడమరిచి చెప్పాను. ఆయన తల ఊపాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. మంచి పని చేశానన్న సంతోషంతో బండి ఎక్కాను. రోడ్డు మీద ముక్కూ మొహం తెలియని ముసలాయనకు చెప్పిన ఆ మాటను మా అవ్వకు కూడా చెప్పాలని నాకు తోచలేదు.

ఎందుకు తోచలేదో తర్వాత చాలా ఆలోచించాను. నాకు చిన్నప్పుడు పచ్చకామెర్లు అయితే అవ్వ నెలంతా ఉప్పు లేని అన్నం పెట్టింది. పసరు మందు తాగిన ఇంట్లో గుడ్డు కూడా ఉడకనివ్వలేదు. ఆ పథ్యం పట్టించింది నా చేతనే. అది నాకు తెలియదని ఎవరితో అనగలను?

ఆ నెలలో ఇంకొక మాట కూడా విన్నాను. కోరుట్లలో మేం గోలీలు తీసుకునే మెడికల్ షాపు పెద్దాయనను చాచా అంటాను. ఒకరోజు టెంటు నుంచి ఇంటికి పోతుంటే షాపులోంచి పిలిచాడు.

"బేటీ, మీ బాపు గోలీలు గీ నెల తీస్కపోలేదు. నాగ అయితున్నయా?"

"సమ్మె కదా చాచా. సిరిసిల్లలోనే తీసుకుంటున్నరేమో."

"ఏమో అనద్దు బేటీ. దిల్‌ది మామూలు బీమారి కాదు. పూఛ్‌కే చూడు, ఒకసారి అడుగు."

సరేనన్నాను. ఆ ఆదివారం సిరిసిల్ల పోయినప్పుడు ఆ మాట నా మనసులో లేదు. ముక్కలు విరగకుండా ఉన్నాయా, పులుసు ఒలికిందా అన్నదే చూసుకున్నాను.

ఇంకో గురువారం అవ్వ ఫోన్ చేసింది. మధ్యాహ్నం బాపుకు చెమటలు బాగా పోశాయని, అన్నం సయించలేదని, కాసేపు పడుకుని లేచాడని చెప్పింది. కరెంటు లేకపోతే అందరికీ పోస్తాయవ్వా, తడిగుడ్డతో తుడువు అన్నాను. నిన్నటి పులుసు ఉన్నదా అని కూడా అడిగాను. ఉన్నది, మళ్ల కాగబెట్టిన అన్నది అవ్వ.

సమ్మె ముగిసి బస్సులు తిరిగిన వారంలోనే బాపుకు జగిత్యాలలో చూపించుకునే రోజు వచ్చింది. వాళ్లిద్దరూ సిరిసిల్ల నుంచి బస్సులో వచ్చారు. మల్యాల దాకా నిలబడే వచ్చారట. నేను కోరుట్ల నుంచి పోయి ఆసుపత్రి దగ్గర కలుసుకున్నాను. బాపు నాలుగు మెట్లెక్కి ఆగాడు. ఇంకో మూడెక్కి మళ్లీ ఆగాడు. బస్సులో నిలబడ్డందుకు అలసట అనుకున్నాను. లోపల డాక్టరుకు నేనే ముందు చెప్పాను, చేపలు ఎంత శ్రద్ధగా పెడుతున్నానో, ఉప్పు నూనె ఎంత తగ్గించానో. మెచ్చుకుంటాడని ఎదురుచూశాను.

ఆయన మెషిన్లోంచి వచ్చిన కాగితాన్ని చాలాసేపు చూశాడు. పాత కాగితం పక్కన పెట్టి మళ్లీ చూశాడు.

"నడుమ ఎప్పుడన్న నొప్పొచ్చిందా? చెమటలు పోసినయా?"

అవ్వ ఆ గురువారం సంగతి చెప్పింది. డాక్టరు గోలీల డబ్బా ఇవ్వమన్నాడు. అవ్వ సంచిలోంచి తీసి ఇచ్చింది. ఖాళీ కావలసిన అట్టల్లో సగానికి సగం గోలీలు అట్లాగే ఉన్నాయి.

"ఇవెందుకు మిగిలినయమ్మా?"

అవ్వ భయపడలేదు. తప్పు చేసిన మనిషి మొహం కాదది. లెక్కగా, జాగ్రత్తగా పని చేసుకొచ్చిన మనిషి చెప్పినట్టే చెప్పింది.

"చేపలు తిన్ననాడు ఎయ్యలే సారూ. నీసు తిన్ననాడు మందు ఎట్లిస్త? కడుపుల కల్వయి గదా. ఐతారం చేపలు, బుధారం చేపలు. బుధారం పులుసు బేస్తారం గూడ అస్తది, శుక్రారం పొద్దున అడుగున ఉన్నదింత పోసుకుంటడు. సోమారం రాజన్నకు, మంగళారం, శనారం అంజన్నకు నీసు ముట్టడు. గా మూడు దినాలు ఒక్క పూట తప్పలే. దేవుని మీద ఒట్టు."

డాక్టరు డబ్బా మూసి అవ్వ చేతికిచ్చాడు. నా వైపు చూశాడు.

"మధ్యల ఇంకో అటాక్ అచ్చిపోయింది. కొంతమందికి నొప్పి తెల్వకుంటనే అస్తది. గుండె బలం బాగ తగ్గింది మేడం. ఇప్పటికెళ్లి గోలీ తప్పద్దు. కానీ పోయిన బలం మళ్ల రాదు."

వారానికి మూడు రోజులే మందు. నేను ఎన్నిసార్లు పోతే అన్నిసార్లు బాపుకు మందు ఆగిపోయింది. పోకుండా టెంటులోనే కూర్చుని ఉంటే ఆయన రోజూ గోలీలు వేసుకునేవాడు. బందు నాకు అడ్డుపడి ఉంటే ఆయన గుండె కాస్త క్షేమంగా ఉండేది. రాళ్లు జరిపి నన్ను పోనిచ్చిన పిల్లలది కూడా మంచి మనసే.

బయట వరండాలోకి వచ్చాక నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అందరూ చూస్తుండగా మా అవ్వ మీద అరిచాను. ఇంత బుద్ధి లేకుండా ఎట్లా ఉన్నావని, ఇన్నేళ్లు ఏం నేర్చుకున్నావని, చేతులారా మనిషిని చంపుకుంటున్నావని నోటికొచ్చినట్టు అన్నాను. అవ్వ బెంచీ మీద సంచి ఒళ్లో పెట్టుకుని నా మొహంలోకి చూస్తూ విన్నది. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు మెల్లగా అన్నది.

"నేను అడిగిన బిడ్డా. మొదటి ఐతారమే అడుగుదామని నోరు తెరిచిన. డాక్టర్ చెప్పిండవ్వా, నువ్వు నడుమల రాకు అన్నవు. చదువుకున్నదానివి, నీకు తెల్వకుంట తెస్తవా అనుకున్న. చేపలే మందంటివి గదా, ఒక్కనాడు రెండు మందులెందుకని నేనే సమాధానం చెప్పుకున్న."

ఆమె అడిగిందో లేదో నాకు గుర్తు లేదు. ఎంత తవ్వినా ఆ ఆదివారంలో నా గొంతే వినిపిస్తుంది. అడిగే ఉంటుంది.

బాపు చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికి వచ్చాడు. మా ఇద్దరి మొహాలూ చూశాడు.

"ఊకోండ్రి. ఇద్దరు నా మంచికే చేసిండ్రు." నా వైపు తిరిగి అన్నాడు, "నాకు చేపలంటే పాణం కాదు బిడ్డా. గంత దూరం నువ్వు మోసుకొని అస్తున్నవని తిన్న."

నేను ఆ వరండాలోనే ఏడ్చాను. బాపు నా తల మీద చెయ్యి వేసి, బస్సు పోతది పదండ్రి అన్నాడు.

ఆ తర్వాత ఆయన ఒక్క గోలీ తప్పలేదు. అవ్వ రోజూ రాత్రి గోలీలు అరచేతిలో పెట్టి, మింగేదాకా కదలకుండా నిలబడేది. అయినా పోయింది తిరిగి రాలేదు. సాంచాల దగ్గర నిలబడలేక పని మానేశాడు. షెడ్డు చప్పుడు వినపడే చోట అరుగు మీద కూర్చునేవాడు. పోగు తెగిన సాంచ ఏదో చప్పుడును బట్టి చెప్పేవాడు. రెండు దిండ్ల మీద తల పెట్టుకుంటే తప్ప ఊపిరి ఆడేది కాదు. చేపలు వండడం అవ్వ పూర్తిగా ఆపేసింది. నేను నచ్చజెప్పాను, గోలీలతో పాటు తినొచ్చని, తింటేనే మంచిదని. ఆమె వినలేదు. నా మాట వినకపోవడం అదే మొదటిసారి, నేను ఎదురు చెప్పకపోవడం కూడా.

రాష్ట్రం వస్తోందని తేలిన రోజు నేను సిరిసిల్లలోనే ఉన్నాను. గల్లీలన్నీ గులాల్‌తో నిండిపోయాయి, డప్పులు, పటాకులు. బాపు చౌరస్తా దాకా పోదామన్నాడు. నా భుజం పట్టుకుని బయలుదేరాడు. రెండో గల్లీ మలుపు దగ్గర ఆగి గోడకు ఆనుకున్నాడు. పెదవులు నల్లబడ్డాయి. చౌరస్తా అక్కడికి రాయి విసిరినంత దూరం.

"గిక్కడికెళ్లే ఇనవడ్తుంది తియ్" అన్నాడు.

మోటారు బండి మీద పోతున్న పిల్లలు ఆగి ఆయన బుగ్గలకు గులాల్ రాశారు. ఆయన నవ్వుతూ దగ్గుతూ అక్కడే కాసేపు నిలబడ్డాడు. తర్వాత ఇంటికి తీసుకొచ్చాను. సమ్మెలో నేను గొంతు పోయేలా అరిచింది ఈ రోజు కోసమే. ఆ రోజు నా పక్కన మనిషి వంద అడుగులు నడవలేకపోయాడు. ఆ వానాకాలంలోనే బాపు పోయాడు. నిద్రలో పోయాడు, నొప్పి లేకుండా పోయాడు అని అందరూ అన్నారు. నొప్పి తెలియకుండా వచ్చేది ఎట్లా ఉంటుందో నాకు డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు కనుక ఆ మాట నన్ను ఓదార్చలేదు.

అవ్వ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. పోయిన ఏడాది ఆమెకూ బీపీ, గుండె నీరసం అన్నారు. మళ్లీ ఒక డాక్టరు, మళ్లీ గోలీలు, మళ్లీ అదే మాట, చేపలు తినండి అని. వద్దంటుందనుకున్నాను. ఏమనుకుందో, సరేనంది. బుధవారం నేను వండుతాను, ఆమె పక్కన కూర్చుని ముళ్లు ఏరి పెడతాను. ఆమె నెమ్మదిగా తింటుంది. చెయ్యి కడుక్కున్నాక గోలీ అరచేతిలో పెట్టుకుని నా వైపు చూస్తుంది.

"చేపలు తింటి బిడ్డా. ఎయ్యన్నా?"

"ఏస్కో అవ్వా."

"ఏం గాదు గదా?"

"ఏం గాదవ్వా."

ప్రతి బుధవారం అడుగుతుంది. చెప్పింది మరిచిపోయి కాదు. నేను విసుక్కోను, ప్రతిసారీ కొత్తగానే చెబుతాను. పోయిన బుధవారం కూడా అడిగింది, చెప్పాను. గోలీ నోట్లో వేసుకుని నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, నా మొహంలోకి చూసింది.

"ఏసుకుంటే మీ బాపుకు గూడ ఏం గాకపోవు గదా బిడ్డా."

ఆమె చెయ్యి పట్టుకుని, పళ్లెంలో పులుసు ఆరిపోయేదాకా అక్కడే కూర్చున్నాను.